వేతనమునకిచ్చిన వేళ

భగవంతుడు మనుష్యునకొసగిన దినమొక్కటే. దానిని పంచుకొనగోరు కార్యములు మాత్రము అనేకములు. ఏ కార్యమునకు ఎంత వేళ ఇయ్యవలెనను విచారము పైకి లౌకికముగా కనబడినను, దానికి మూలము ధర్మమునందే కలదు.

హైదరాబాదు వంటి నగరమున చదువు ముగించి, డిజైనరుగా నూతనముగా కొలువున చేరిన యువకుని భావింపుడు. పగలు కంప్యూటరు ముందు కూర్చుండి సరకుల పొట్లములకు, ప్రకటనలకు రూపము తీర్చుట అతని వృత్తి. రాత్రివేళ దశావతార చిత్రమాలికను గీయుట అతని అభిరుచి. కొలువు క్రొత్తది గనుక అందు మెప్పు పొందవలెను. కళను విడిచినచో చేతికి మొద్దుదనము వచ్చును. క్రమముగా రాత్రి పని పగటిలోనికి జారును. యజమాని కార్యమునకై తెరచిన యంత్రముపై మత్స్యమూర్తి పొలుసులు మెరయును. “గీయుచున్నది స్వామి రూపమే కదా, ఇందు దోషమేమి?” అని మనస్సు తనకు తానే సమాధానము చెప్పుకొనును.

ఈ సమాధానము నిలుచునా? భగవదర్పణబుద్ధి కలిగినంతమాత్రమున పరుల సొత్తును వాడుకొనుట శుద్ధమగునా?

అబుల్ హసన్ తానీషా గోలకొండను పాలించిన కాలమున (1672–1687) కంచర్ల గోపన్న తహశీలుదారుగా నుండి, సర్కారు శిస్తు ధనముతో భద్రాచలమున శ్రీరామునకు ఆలయము నిర్మించి చెఱపాలయ్యెను. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో తానీషా కడకేగి, ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని భక్తలోకము చెప్పుకొనును. తిరుమంగై ఆళ్వారు చరిత్రయు ఇట్టిదే. చోళరాజునకు చెల్లింపవలసిన కప్పమును ఆయన తదీయారాధనమునకు వ్యయపరచి నిర్బంధింపబడెను. కంచి వరదుడు స్వప్నమున తోచి వేగవతీ తీరమున నిక్షేపమును తెలుపగా, ఆ ధనముతో రాజు బాకీ తీరెను.

భక్తికొఱకు నియమమును దాటవచ్చుననుటకు కొందరు ఈ గాథలను చూపుదురు. కాని వీని ముగింపును పరికింపవలెను. సర్వజగత్తునకు స్వామియైనవాడు ఆ ధనము తనదేయని వాదింపలేదు. లెక్క ప్రకారము చెల్లించెను, చెల్లుచీటిని గైకొనెను. భక్తి ఋణమును మాపలేదు. భక్తుని ఋణమును భగవంతుడు తీర్చెను. ఈ రెండింటికి మిక్కిలి భేదము కలదు. స్వామి తీర్చునులే యని ముందుగానే లెక్కించుకొని ఋణము చేయువాడు భక్తుడు కాడు, స్వామిని తన పూచీదారుగా చేసినవాడు.

ధనము వేరు, కాలము వేరు అనరాదు. వేతనము పుచ్చుకొని ఒప్పుకొన్న వేళ యజమానికి అమ్ముడైనదే. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, ఉద్యోగములో భాగముగా చేసిన కృతికి తొలి హక్కుదారు యజమానియే. కొలువు పనియు సొంత పనియు కలగలిసినచోట కృతి ఎవరిదను వివాదమునకు తావు కలుగును. పొరుగువాని తోటలో అడుగక కోసిన పువ్వు పూజకు తగునా?

అట్లయిన కళను విడువవలెనా? విడువనక్కరలేదు. పాంచరాత్రము భక్తుని దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని ఐదు భాగములుగా విభజించినది. వేదాంతదేశికులు పాంచరాత్రరక్షయందు ఈ క్రమమును నిరూపించిరి. ఉపాదానమనగా ఆరాధనకు వలయు ద్రవ్యములను న్యాయముగా సమకూర్చుకొనుట. కావున ధర్మబద్ధమైన జీవనోపాధి ఆరాధనకు ఆటంకము కాదు, దానికి అంగమే. కళాసాధనకు కొలువు శత్రువని తలచుట పొరపాటు. ఉపాదానమునకును హద్దు కలదు. సేవకుని రాత్రిని సైతము కబళింపజూచు యజమానియు ధర్మము తప్పినవాడే. నేటి ఉద్యోగికి శాస్త్రోక్తములైన వేళలు యథాతథముగా కుదరకపోవచ్చును. ఒక కాలపు పని వేరొక కాలమును ఆక్రమింపరాదను నియమము మాత్రము ఎవరికైనను సాధ్యమే.

శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు వస్త్రమును ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవమున నానబెట్టి ఎండబెట్టుదురు. ఆ పిమ్మటనే వెదురు కలముతో రేఖ దిద్దుదురు. పాలు పట్టని గుడ్డపై రంగు హద్దు దాటి వ్యాపించును. పాలు రేఖను అణచుటకు కాదు, దానిని రేఖగా నిలుపుటకే. దినమునకు నియమము ఇట్టిది.

ఇదివరకే యజమాని వేళను వాడుకొన్నవాడు ఆ గంటలను అధికముగా పనిచేసి తీర్పవలెను. అందరి కొఱకు రామోజీ రాడు. అటుపిమ్మట తన వేళయందు, నిద్రకు లోపము రానీయక, నెలకొక్క అవతారము గీసినను పది నెలలలో దశావతారములు పూర్తియగును. ఆలస్యమైనదని స్వామి కోపింపడు. ఆ చిత్రమాలికలో ఒక్క రేఖయు పరుల సొత్తు కాదని నిశ్చయముగా చెప్పగలిగిననాడు, దానిని సన్నిధియందుంచు చేయి వణకదు.