జలాంతర్గామి వేటయు, ధర్మసందేహమును

యుద్ధమునందు కొంత వంచన చెల్లునని లోకము చిరకాలముగా నొప్పుకొనియే యున్నది. ఎంతవరకు చెల్లును, చెల్లిన వంచన యెవరిని వంచించును అను ప్రశ్నలకు మాత్రము సమాధానము తేలలేదు. భారతకథలో దుర్యోధనుడు జలస్తంభనము చేసి ద్వైపాయన హ్రదమున దాగినపుడు, వాని జాడ తెలిపినవారు భీమునకు మాంసము తెచ్చు వేటకాండ్రు. పైకి రప్పించినవి ధర్మరాజు పలుకులు. పైకి వచ్చిన పిమ్మట జరిగిన యూరుభంగమును గూర్చి బలరాముడు నాడే కోపించెను. మన యిండ్లలో నేటికిని వాదము నడచుచునే యున్నది. నీటి మాటున నున్న శత్రువును వెదకువానికి మొదట కావలసినది కన్ను. ఆ కన్ను లేనప్పుడు అతడు దేనికి చేయిచాపునో తెలిసికొనుటకై 1914-1918 నాటి సముద్రయుద్ధ చరిత్రను మేము కొంత పరిశీలించితిమి.

1914 సెప్టెంబరు 22వ తేదీ మన చెన్నపట్టణమువారికి గుర్తున్న దినము. ఆ రాత్రి ఎండెన్ అను జర్మను నౌక రేవుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. అదే దినము ఉదయమున, ఉత్తర సముద్రములో, యు-9 అను చిన్న జలాంతర్గామి అబూకిర్, హోగ్, క్రెస్సీ అను మూడు ఆంగ్ల యుద్ధనౌకలను గంటన్నరలోపల ముంచివేసినది. మరణించినవారు 1,450 మందికి పైబడిరి. ఎండెన్ కంటికి కనబడు శత్రువు, యు-9 కనబడనిది. ఇక్కడ చదువరులు గమనింపదగిన దొకటి కలదు. మొదటి నౌక మునుగుచుండగా మిగిలిన రెండును తమవారిని కాపాడుటకై యాగినవి, ఆగినందుననే మునిగినవి. అటుపిమ్మట పెద్ద నౌకలు మునుగువారికొర కాగరాదని నౌకాధికారు లుత్తరువు చేసిరి. కనబడని శత్రువు తొలినాడే హరించినది ఓడలను మాత్రమే కాదు, నీట బడిన సోదరునికి చేయినిచ్చు సముద్రపు పాతధర్మమును గూడ.

వెదకుటకు వారు చేసిన ప్రయత్నములలో కొన్ని నవ్వు పుట్టించును. సముద్రసింహములను పట్టి, నీటిలో ధ్వని వచ్చు దిక్కునకు ఈదుట నేర్పిరి. పెరిస్కోపును చూచి వ్రాలునట్లు పక్షులను మచ్చిక చేయవలెననిరి. నవ్వదగనివియు గలవు: రూథర్‌ఫర్డు, బ్రాగ్గు వంటి శాస్త్రజ్ఞులు నీటిలోని చప్పుడు వినుటకై శ్రమించిరి, ఫ్రాన్సులో లాంజెవాఁ స్ఫటికముచేత శ్రవణాతీత నాదమును పుట్టించి, దాని ప్రతిధ్వనిని పట్టు మార్గము కనుగొనెను. నీటిలో నిర్ణీతమైన లోతున పేలు 300 పౌనుల మందుపీపా 1916లో వాడుకలోనికి వచ్చెను. ఇవి సాధనముల కథ. మా ప్రశ్న వేరు.

నాటి నౌకాధర్మము ప్రకారము, వర్తకపు టోడను పట్టదలచిన యుద్ధనౌక ముందుగా హెచ్చరించి, తనిఖీ చేసి, జనులకు రక్షణ కల్పించినగాని దానిని ముంచరాదు. ఈ ధర్మమును పాటించుటకు జలాంతర్గామి నీటిపైకి రావలెను. పైకి వచ్చినపుడు దానికంటె బలహీనమైనది లేదు. ఈ సంగతి గ్రహించి ఆంగ్లేయులు కపటనావలను సిద్ధపరచిరి. చూపునకు ముదుక వర్తకపు టోడ. తెరల చాటున ఫిరంగులు. జలాంతర్గామి యాపగానే కొందరు నావికులు భయపడినట్లు నటించి పడవలలోనికి దుమికెదరు. అది దగ్గరకు రాగానే తెరలు తొలగును, తమ జెండా యెక్కును, గుండ్లు పేలును. తన జెండా యెత్తిన పిదపనే కాల్పవలెనను నియమ మొక్కటి మిగిలినది.

1915 ఆగస్టు 19న బరాలాంగ్ అను కపటనావ అమెరికా జెండాతో యు-27ను సమీపించినది. ఆ జలాంతర్గామి అప్పుడు నికోసియన్ అను కంచరగాడిదల యోడను ఆపి, జనులను పడవలలోనికి దిగనిచ్చియుండెను. బరాలాంగ్ తన జెండాను మార్చి దానిని ముంచినది. అంతవరకు నియమమే. అటుపిమ్మట నీటిలో ఈదుచు నికోసియన్‌పై కెక్కజూచిన జర్మనులను కాల్చిరి. ఎక్కగలిగినవారిని, వారి నాయకునితోగూడ, వెదకి చంపిరి. అమెరికా పశుపాలకులు కన్నులార చూచి లోకమునకు చెప్పనిచో ఈ సంగతి యెన్నడు బయటపడెడిదో! ఓడను పాడుచేయుదురని శంకించితిమని యొక సమర్థన. ఆనాడే అరాబిక్ అను ప్రయాణికుల యోడను జర్మనులు హెచ్చరిక లేక ముంచిరి. మేమాసలో లూసిటానియాతో 1,198 మంది మునిగిరి. ఆ యుద్రేకమే కారణమని మరియొక సమర్థన. జర్మనీ విచారణ కోరగా, ఆ దినములలోనే మీరు చేసిన పనులతోగూడ విచారింతము రమ్మని బ్రిటను బదులు చెప్పినది. ఏ విచారణయు జరుగలేదు.

ఫ్రయట్టు కథ దీనికి తలక్రిందులు. అతడు వర్తకపు టోడ నాయకుడు, సైనికుడు కాడు. 1915 మార్చిలో యు-33 తన్ను ఆగుమనగా, ఆగక దానిమీదికే యోడను నడిపి తప్పించుకొనెను. నౌకాధికారులు మెచ్చి, ఆ పని చెక్కించిన గడియారము నిచ్చిరి. మరుసటి యేట జర్మనులు వానిని పట్టి, ఆ గడియారమునే సాక్ష్యముగ జూపి, సైనికుడు కానివాడు యుద్ధము చేసెనని 1916 జూలై 27న కాల్చి చంపిరి. ఆత్మరక్షణమును నేరమనుట మా కంగీకారము కాదు. అయితే వర్తకుని యోధుని జేసి, యోధుని వర్తకునివలె వేషము గట్టించిన పిదప, ఎదుటివాడు వీరి నిరువురను వేరుచేసి చూడవలెనని యడుగుట యెంత కష్టము! హెచ్చరించుటకు పైకి వచ్చిన జలాంతర్గామి చచ్చుచుండగా, హెచ్చరింపక ముంచుట మేలని వాదించువారికి జర్మనీలో బలము చేకూరినది. ఆ క్రూరత్వమునకు కపటనావయే మూలమనుట అసత్యము; దాని కొక సాకు దొరికెననుట సత్యము. 1917 ఫిబ్రవరి 1 మొదలు జర్మనీ యే నియమమును లేని ముంపునకు దిగెను.

ఇన్ని చిక్కులు తెచ్చిన ఉపాయము గెలుపైనను తెచ్చెనా? ఇంచుమించు రెండువందల కపటనావలు పట్టినవి పదునైదు జలాంతర్గాములకు మించవు. యుద్ధములో నశించిన జర్మను జలాంతర్గాములు 170కి పైబడినవి.

మరియొక వంచన కలదు. మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసిన దదియే. ముంపువలన తమకు నష్టము స్వల్పమని లోకమునకు చూపుటకై బ్రిటను ప్రతి వారమును లెక్కలు ప్రకటించెడిది: వచ్చినవి 2,500 ఓడలు, పోయినవి 2,500. నూరు టన్నులు దాటిన ప్రతి నావను, తీరము వెంబడి తిరుగు చిన్నవాటినిగూడ, ఈ లెక్కలో చేర్చిరి. శత్రువు దీనిని నమ్మెనో లేదో గాని, వ్రాసినవారి పెద్దలే నమ్మిరి! ఓడలను గుంపుగా గూర్చి కావలి నౌకలతో నడుపుదమని కొందరు చెప్పగా, ఇన్నివేల యోడలకు కావలి యెక్కడినుండి తెత్తుమని నౌకాధికారులు త్రోసిపుచ్చిరి. 1917 ఏప్రిలులో మునిగినవి 8,50,000 టన్నులకు మించినవి. బ్రిటను విడిచిన మహాసముద్రపు టోడలలో నాలుగింట నొకటి తిరిగి రాలేదు. అప్పుడు హెండర్సను అను సామాన్యపు హోదాగల యుద్యోగి ఓడల శాఖవారి నడిగి అసలు సంఖ్య తెలిసికొనెను. మహాసముద్రము దాటి వచ్చునవి వారమునకు 120 మొదలు 140 మాత్రమే, పోవునవియు నంతే. వీనికి కావలి యిచ్చుట సాధ్యమే.

మన సభలవారు వార్షిక నివేదికలలో, చందా కట్టనివారిని, ఊరు విడిచిపోయినవారిని గూడ సభ్యులుగ లెక్కించి, మరుసటి యేట పనివారు చాలరేమని యాశ్చర్యపడుట చదువరులు చూచియే యుందురు. ఆ లెక్కలో పోవునది మహా యయిన ఒక సభ. ఇక్కడ పోయినవి ప్రాణములు.

1917 మే 10న జిబ్రాల్టరునుండి మొదటి ప్రయత్నపు గుంపు బయలుదేరెను. వర్తకపు టోడలు పదునారు, పదునేడు. దారిపొడుగున వానికి కావలిగా నడచినవాటిలో రెండు నాటివరకు వేషము వేసికొని తిరిగిన కపటనావలు. ఒక్క ఓడయు మునుగలేదు.