ఊరికి పత్రిక తెస్తున్న అమ్మలుకి

అమ్మలూ,

రాజమండ్రి కోసమే నాలుగు పేజీల పక్షపత్రిక మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. రెండు సంచికలూ తెప్పించుకుని అక్షరం వదలకుండా చదివాను. ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ఊరంతా తిరిగి రాస్తున్నావట. ఆ ఉద్యోగం మాత్రం అప్పుడే మానకు తల్లీ. ఊరి పత్రిక తొలి రోజుల్లో ఎవరికీ అన్నం పెట్టదు. ఇంటద్దె ఎలా కట్టాలన్న బెంగ మొదలైతే రాయాల్సిన మాట రాయలేవు.

మొదటి సంచికలో రాష్ట్ర రాజకీయాల మీద సంపాదకీయం రాశావు. బాగానే ఉంది, కానీ అది రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక జిల్లా వార్తకి పేపర్లో చోటు దొరికింది. వీధి వార్తకి ఇప్పటికీ సరిగ్గా దొరకలేదు. నీ చోటు అక్కడుంది.

గోదావరి సంగతే తీసుకో. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు టీవీల్లో రోజంతా తిరుగుతూనే ఉంటాయి. లంకలో గేదెలున్న మనిషికి ఆ అంకెతో ఏం పని? తన రేవులో పడవ ఎప్పుడు ఆపేస్తారు, పశువుల్ని గట్టుకి ఎప్పుడు తోలుకోవాలి, ఊళ్లోకి వచ్చే దారి ఎక్కడ తెగుతుంది, ఇవి తెలియాలి. పడవ నడిపేవాళ్లకీ, 1986 ఆగస్టు వరద చూసిన పెద్దలకీ అవి నోటికి వచ్చు. ఎవరూ కాగితం మీద పెట్టలేదు, అంతే. వానలు ముదరకముందే ఒక్కో రేవుకీ వెళ్లి, వాళ్ల పక్కన కూర్చుని రాసుకో. ఏ మట్టానికి ఏ రేవు ఆగుతుందో ఒక పట్టిక వెయ్యి. ఆ సంచికని జనం చింపి గోడకి అంటించుకుంటారు. నువ్వు రాసిన సంపాదకీయాన్ని ఎవరూ అంటించుకోరమ్మా.

పుష్కరాల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండు. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజే, పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. 2027లో మళ్లీ పుష్కరాలు. రేవుల మరమ్మతులు, రోడ్లు, దీపాలు అంటూ పనులు పుట్టుకొస్తాయి. ప్రారంభోత్సవాల ఫొటోలు వెయ్యడానికి అందరూ ఉంటారు. ఏ రేవుకి ఎన్ని దారులు, లోపలికి వచ్చేవాళ్లకీ బయటికి వెళ్లేవాళ్లకీ వేరువేరు దారులున్నాయా, మెట్లు ఎంత వెడల్పు అని నడిచి చూసి రాసేవాళ్లు కావాలి. అంచనా కాగితాల కోసం సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టు. 30 రోజుల్లో జవాబివ్వాలి, రుసుము పది రూపాయలు. ఇవ్వకపోతే అక్కడే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కాగితం చేతికొచ్చాక టేపు పట్టుకుని వెళ్లి కొలిచి చూడు. కొలవకుండా ఎవరి మీదా అవినీతి అని రాయకు. ఆ తొక్కిసలాటలో అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లకి వెళ్తే, వాళ్లు రమ్మంటేనే కూర్చో. అడగకుండా ఫొటో తియ్యకు.

పేర్లు, ఇంటిపేర్లు, వీధి పేర్లు రెండుసార్లు అడిగి రాసుకో. ఊళ్లో మనిషికి తన పేరు తప్పుగా అచ్చయితే ఏళ్ల తరబడి గుర్తుంటుంది. తప్పు పడితే తర్వాతి సంచికలో అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వెయ్యి. ఎవరూ చదవట్లేదని దిగులు పడుతున్నావట. నీ వార్తలో తప్పుందని ఒకాయన దారిలో ఆపి చెప్పాడట, ఆయన ఆసాంతం చదివాడు కదా! అలాంటివాళ్లని పోగొట్టుకోకు.

ఇక డబ్బు. చిన్న పత్రిక అనగానే జనం కాస్త అనుమానంగా చూస్తారు. వార్త వేస్తామని బెదిరించి వసూలు చేసేవాళ్ల వల్ల వచ్చిన చెడ్డపేరు ఇది. ఆ నీడ నీ మీద పడనివ్వకు. బండి మీద ప్రెస్ స్టిక్కరు వద్దు. నాయకుల పుట్టినరోజు ప్రకటనలు కూడా వద్దు, ఎంతిస్తామన్నా సరే. ఒకసారి తీసుకుంటే ఆ నాయకుడి వార్డులో మురుగుకాలవ గురించి రాయడానికి చెయ్యి వెనకాడుతుంది. కడియం నర్సరీలు, కిరాణా కొట్లు, కుట్టుపని నేర్పేవాళ్లు ఇచ్చే చిన్న ప్రకటనలు చాలు. రేటు పత్రికలోనే అచ్చువెయ్యి, అందరికీ ఒకటే రేటు.

పత్రిక రిజిస్ట్రేషన్ వాయిదా వెయ్యకు. 1867 నాటి చట్టం పోయి, 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అర్జీ ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు.

నువ్వు చేస్తున్నది ఈ ఊరికి కొత్త కాదు. వీరేశలింగం పంతులు గారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టేనాటికి ఆయనకి ఇరవై ఆరేళ్లు. మొదట్లో పత్రికని మద్రాసులో అచ్చువేయించి తెప్పించుకున్నారు, ఇక్కడ సొంత ముద్రణాలయం తర్వాత వచ్చింది. చుట్టుపక్కల కచేరీల్లో లంచాల గురించి పేజీల్లోకెక్కించారు. ఓరుగల్లు వైపు ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 1922లో ఒక పల్లెటూరి నుంచే తెనుగు పత్రిక నడిపారు, అదీ నిజాం ఏలుబడిలో. నీకు ఫోనులోనే కెమెరా ఉంది, నాలుగు వీధుల అవతల అచ్చుయంత్రం ఉంది.

ఇంకొక్కటి. మన గోదావరి మీది హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997 దాకా రైళ్లని మోసింది. దాని మీద పనిచేసిన గ్యాంగుమన్లు, ట్రాలీ తోసినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయి ఉంటారు. వాళ్ల మాటలు వచ్చే ఏడాది రాద్దామనుకోకు, ఈ నెలే వెళ్లు. ప్రతి సంచికా రెండేసి ప్రతులు గౌతమీ గ్రంథాలయంలో ఇచ్చి రా. వాళ్లు దాచకపోతే నువ్వే తేదీలవారీగా బైండు చేయించి దాచు.

నా ఏడాది చందా మీ అమ్మ చేతికి పంపుతున్నాను. నాకే కాదు, చుట్టాలెవరికీ పత్రిక ఊరికే ఇవ్వకు.

ఆశీస్సులతో,
పెదనాన్న