రబ్బరు రింగూ, మనవాడూ

బళేపేటలో బేరం చాలావరకు చెవితో సాగుతుంది. బళె అంటే మన గాజే. పేటకు ఆ పేరు గాజుల వల్ల వచ్చిందే. గాజును గోటితో మీటితే పగులుందో లేదో తెలిసిపోతుంది. వాద్యాల అంగళ్ళలో హార్మోనియం తిత్తికి చిల్లుంటే, రెండు మెట్లు నొక్కేసరికి గాలి పోయే చప్పుడు వినబడుతుంది. అలాంటి సరుకు కొనేవాడికి అమ్మేవాడి మంచితనంతో పెద్దగా పని లేదు. లోపం తనంతట తానే పలుకుతుంది.

కారు ఇంజెక్టరు సీలు అలా పలకదు. పేట దాటి కాస్త నడిస్తే జె.సి. రోడ్డు, కార్ల స్పేర్ పార్టుల అంగళ్ళు. అక్కడ ఆ రింగును అరచేతిలో పెట్టి చూపిస్తే మీరూ నేనూ ఏం కనిపెట్టగలం? పెట్రోలు కారులో సాధారణంగా ఒక్కో ఇంజెక్టరుకు రెండు రబ్బరు రింగులుంటాయి. కిందిది ఇంజనులోకి దొంగగాలి పోకుండా ఆపుతుంది. అది చెడితే నిలబెట్టిన బండి వణుకుతుంది. అదీ ఒక మేలే, వణుకు కూడా ఒక మాట లాంటిదే కదా. పైది చెడితే, సుమారు మూడు బార్ల ఒత్తిడిలో ఉన్న పెట్రోలు వేడి ఇంజను మీద చెమరుస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. డీజిలు బండిలో అయితే కింద రాగి వాషరు ఉంటుంది. బిగించినప్పుడు అది నలిగి సందు పూడుస్తుంది. ఒకసారి నలిగిన వాషరు మళ్ళీ అంత బాగా నలగదు. అంచేత ఇంజెక్టరు విప్పితే సీళ్ళు కొత్తవే వెయ్యాలి. పాతవి చూడ్డానికి బాగానే ఉంటాయి. చిక్కంతా అక్కడే.

మా పక్కింటి పెద్దాయన కారు ఒక శనివారం ఇలాగే విప్పి పడి ఉంది. మర్నాడు కుప్పంలో పెళ్ళి. ఇంజెక్టర్లు శుభ్రం చేయడానికి విప్పిన మెకానిక్కు హిందూపురం వైపు కుర్రాడు. ఆ కొలత రింగులు అంగళ్ళలో అయిపోయాయి, సోమవారం గానీ రావన్నారు.

"మనవాడివే గదప్పా, పాతవే వేసెయ్. ఏమన్నా అయితే నిన్ను అడగనులే," అన్నాడు పెద్దాయన.

"లేదు సామీ, వెయ్యను. బస్సుకు పోయి రాండి. సోమవారం చేసిస్తా."

పెద్దాయనకు రోషం వచ్చింది. తెలుగువాడై ఉండీ ఇంత మొండితనమా అని వీధంతా చెప్పుకున్నాడు. పరాయి రాష్ట్రంలో మనవాడికి మనవాడు సాయపడకపోతే ఎలా అన్నది ఆయన ప్రశ్న. దాన్ని కొట్టిపారేయడానికి లేదు. ఈ ఊళ్ళో మనలో ఎందరికి అద్దె ఇల్లూ మొదటి ఉద్యోగమూ "మనవాడే" అన్న ఒక్క మాట మీద దొరికాయో లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది.

అయినా "నిన్ను అడగను" అన్న మాటకు ఎంత విలువ ఉంది? అనుమతి ఇచ్చేవాడికి తాను దేనికి అనుమతి ఇస్తున్నాడో తెలియాలి. పెద్దాయనకు తెలిసింది పెళ్ళి ముహూర్తం, రబ్బరు సంగతి కాదు. పైగా ఆయన వదులుకున్నది తన ఫిర్యాదు మాత్రమే. వెనక సీట్లో కూర్చునే మనవలను ఎవరూ అడగలేదు. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక ఎగిరింది. చలికి రాకెట్టు కీళ్ళలోని రబ్బరు రింగులు బిరుసెక్కుతాయి, ఎగరెయ్యొద్దు అని ఇంజనీర్లు ముందురాత్రి వాదించారు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. 73 సెకన్లకు నౌక ముక్కలై ఏడుగురూ పోయారు. ఆ ఏడుగురికీ ముందురాత్రి వాదన సంగతి తెలియదు. మన కుర్రాడి షెడ్డుకూ ఆ కథకూ హస్తిమశకాంతరం. కానీ రింగు సంగతి తెలిసినవాడి మీద పడే బరువు రెండు చోట్లా ఒకటే. అది ఎదుటివాడి "పరవాలేదు" తో దిగిపోదు.

ఇక మనవాడి సంగతి. జార్జ్ ఆకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశాడు. ఆయనకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. మంచి సరుకేదో చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు ఎవడూ మంచి సరుకుకు మంచి ధర ఇవ్వడు, క్రమంగా మంచి సరుకే సంతలోంచి తప్పుకుంటుంది అన్నాడాయన. అందుకే జనం హామీ వెతుక్కుంటారు: కంపెనీ పేరో, గ్యారంటీ కార్డో. మనం భాషను వెతుక్కుంటాం. మోసం చెయ్యడులే అనుకుంటాం. ఆ నమ్మకంలోనే కాస్త చూసీ చూడనట్టు పోతాడులే అన్న ఆశ కూడా దూరుతుంది. మొదటిది నాకు అర్థమవుతుంది. రెండోది నాకు నచ్చదు. రబ్బరుకు తెలుగు రాదు.

భాష వల్ల న్యాయంగా దక్కవలసింది వేరే ఉంది. ఎందుకు మార్చాలి అని మొహమాటం లేకుండా అడగగలగడం, చెప్పింది పూర్తిగా తెలియడం. తర్వాతెప్పుడో నేను అడిగితే కుర్రాడు తెలుగులో ఎంతో ఓపికగా చెప్పాడు. పాత రింగును నా వేలికి తగిలించి, గుండ్రంగా ఉండాల్సింది ఒక పక్క ఎలా చదునైందో చూపించాడు. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రధాని విడుదల చేసింది మన బెంగళూరులోనే; దానికి తగని పాత రకం రబ్బరయితే ఉబ్బుతుందన్నాడు. కొత్తది వేసేముందు శుభ్రమైన ఇంజనాయిలు పూసి, మెలిపడకుండా చేత్తోనే నొక్కి దింపాలట. అంతా ఐదు నిమిషాల మాట.

ఇదే మాట ఆవేళ పెద్దాయనతో ఎందుకు అనలేదని అడిగాను.

"కోపంలో ఉండారు సార్. ఇంకా మూడు బండ్లుండె," అన్నాడు.