స్టార్టర్ తప్పేం లేదు

నెవాడా ఎడారి, మిట్టమధ్యాహ్నం. పెట్రోలు కోసం ఆపిన మా ఫ్రెండు 1973 ఫోక్స్‌వాగన్ బస్సు మళ్ళీ స్టార్టవలేదు. తాళం తిప్పితే టిక్కుమని కూడా అనదు.

స్టార్టర్ పోయిందని తేల్చేశాను. వాడు మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 12 వోల్టులున్నాయి, తాళం తిప్పితే సోలెనాయిడ్‌కి చేరేవి 8. తాళం ముందు, ఇంజను వెనక. మిగతాదంతా పాత స్విచ్చి, పొడుగాటి వైరు తినేస్తున్నాయి. వేడెక్కిన సోలెనాయిడ్‌కి అది చాలదు. బ్యాటరీ నుంచి నేరుగా ఓ వైరు తగిలించగానే బండి లేచింది.

పోయిన నెల సర్వర్ పడిపోతే, రిపోర్టులో కొత్త కుర్రాడి పేరు రాశాను. ఆఖరి మార్పు అతనిదే మరి. అతనికి మేం సగమే చెప్పామన్నది రాయలేదు.

తప్పు బయటపడ్డ చోటే పుట్టిందనుకోవడం సులువు. తెలియక రాస్తే పొరపాటు. తెలిశాక కూడా దిద్దకపోతే అబద్ధం. ఆ రిపోర్టు ఇంకా అలాగే ఉంది.