పన్ను చెల్లించువా రెవరు?

ఆదాయపు పన్ను కట్టువారిలో కొందరు 'మా పన్నులతోనే దేశము నడచుచున్నది' అందురు. కూలివారికి ఉచితముగా బియ్యము పంచిన దినమున ఈ మాట మరింత బిగ్గరగా వినబడును. ఇందు దాగియున్న అసత్యమును విచారింపవలసి యున్నది. అంగడిలో కొనువా రెల్లరును పన్ను చెల్లించువారే. కొందరి చేతిలో రసీదు కలదు, కొందరి చేతిలో లేదు, భేద మింతియే.

అనంతపురము జిల్లాలో వేరుసెనగ చేల కలుపు తీయు స్త్రీ యొకతె సంతకు పోయిన దనుకొందము. విడిగా కొలిచి యిచ్చు బియ్యముపై పన్ను లేదు. కూరగాయలపై లేదు. ఉప్పుపై లేదు, ఉప్పు కొరకు ఈ దేశము 1930లో ఎంత పోరాడెనో పాఠకులు మరువలేదు. కాని ఆ బియ్యమునే ఇరువదియైదు కిలోలకు మించని సంచిలో కట్టి పేరు, తూకము ముద్రించినచో నూటికి 5 రూపాయలు. వంటనూనెకు, చక్కెరకు, తేయాకునకు అదే లెక్క. స్నానపు సబ్బుకు 2025 సెప్టెంబరు 22కు పూర్వము నూటికి 18; ఆ దినము నుండి 5. పన్ను లేని టమాట సయితము లారీ యెక్కియే సంతకు వచ్చును; ఆ లారీ త్రాగు డీసెలుపై రాష్ట్రము వేరుగా పన్ను గైకొనుచున్నది. చెరువు నీటికి పన్ను లేదు. చెరువెండిన యేట, సీసాలో మూసి యమ్ము నీటికి కలదు. ఈ మండలమున చెరువెండని యేడులు ఎన్ని?

ఇక పెద్ద కొనుగోళ్ల మాట. బంగారు నగకు నూటికి 3 రూపాయలు. సబ్బుకంటె బంగారమునకు తక్కువ! బంగారముపై దిగుమతి సుంకము వేరుగా కలదనుట నిజమే. నగపై పన్ను హెచ్చించినచో చాటు వ్యాపారము పెరుగునని సమాధానము చెప్పుదురు. వ్యవహారజ్ఞులకు అది చాలును. కాని దాగగల వస్తువునకు దయ, దాగలేని దానికి దండన యని కదా దాని యర్థము? పెద్ద కార్లకు నూటికి 40 విధించి శాసనము కొంత వివేకము చూపినది, కాదనను.

కర్కశుడని పేరుపడిన కౌటిల్యుడు సయితము వివాహమునకు, యజ్ఞమునకు, ప్రసవమునకు గొనిపోవు సరకులను సుంకము నుండి విడిచిపెట్టెను. అతడు సరకునే కాక దాని వెనుక నున్న అవసరమును గూడ చూచెను. మన అంగడిలో ధర్మవరపు పట్టుచీర పేదింటి పెండ్లికూతురు కట్టినను, ధనికురాలి బీరువాలో పదునేడవదిగా చేరినను, పన్ను నూటికి 5 రూపాయలే. అంగడివాడు ముఖము చూచి పన్ను వేయజాలడు గదా యందురు. అందుచేతనే ఆదాయముతో పోల్చి చూడవలయును. నెలకు 10,000 రూపాయలు గడించు కుటుంబము నూటికి 5 పన్ను గల వస్తువులకు 4,000 పెట్టినచో పన్ను 200. లక్ష గడించు కుటుంబము అట్టి వస్తువులకు 20,000 పెట్టి, మిగిలినదానిలో అధికభాగము బ్యాంకులో దాచినచో పన్ను 1,000. మొదటివారికి ఆదాయములో నూటికి రెండు, రెండవవారికి ఒకటి. అంకెలు ఉదాహరణకు వేసినవే. కాని గడించిన దంతయు తినుటకే చాలనివారి విషయమున భార మిటులే వ్రాలును.

ఈ పన్ను ఈ సీమకు క్రొత్త కాదు. 1939లో రాజగోపాలాచారి మంత్రివర్గము, మద్యనిషేధము వలన తరుగు రాబడిని పూరించుకొనుటకై, చెన్నరాజధానిలో అమ్మకపు పన్ను శాసనము చేసెను. అనంతపురము నాడు ఆ రాజధానిలోనిదే. పిదప 1957లో ఆంధ్రప్రదేశ్ శాసనము, 2005లో విలువ ఆధారిత పన్ను, 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చినవి. త్రాగుడు రాబడికి బదులుగా పుట్టిన పన్ను నిలిచినది. త్రాగుడు రాబడియు తిరిగి వచ్చినది. ప్రభుత్వమునకు రెండు చేతులు కలవు గదా!

సూర్యుడు నీటిని గ్రహించి అంతకు వేయిరెట్లు వర్షించునట్లు రాజు పన్ను గొనవలెనని కాళిదాసు రఘువంశమున ఉపమించెను. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన గల ఈ పీఠభూమిలో ఆ శ్లోకము చెప్పునపుడు పిల్లలు నవ్వుదురు. సూర్యుడు గ్రహించుట చూచుచునే యున్నాము, వర్షమేదని వారి ప్రశ్న.

ఇల్లు కట్టువాడు సిమెంటు కొనబోయిన, 'బిల్లు వేయుదునా, వద్దా?' యని యడుగు వర్తకులు లేకపోలేదు. వద్దన్నచో నూటికి 18 రూపాయలు మిగులును. సబ్బు కొను కూలి స్త్రీ నట్లు అడుగువారు లేరు. సబ్బు కాగితముపై అన్ని పన్నులు కలిపిన ధరయే ముద్రింపబడి యుండును. ఆమెకు తప్పించుకొను దారియు లేదు, చెల్లించితిననెడి గౌరవమును లేదు. నా దృష్టిలో రెండవ లోపమే పెద్దది. భారమును తగ్గింపవచ్చును, ఇటీవల కొంత తగ్గించిరి. కాని తాను ఇచ్చినదని ఎరుగనివాడు ఏమని అడుగగలడు?

గ్రామసభలో చెరువు పూడిక యెప్పుడు తీయింతురని ఆమె యడిగినచో, 'నీవేమి పన్ను కట్టితివమ్మా?' యని పలుకువాడొక డుండును. ఆమె చేతిలో రసీదు లేదు. బదులు చెప్పవలసిన చదువుకొన్నవారు ప్రక్కనే కూర్చుండి మౌనము వహింతురు. వారిలో బిల్లు లేక సిమెంటు కొన్నవా రెందరో లెక్కించినవారు లేరు.