ఫిలే ఎగిరిపడిన రెండు గంటలు

చి. సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

మీ బృందం వదిలిన బెలూను పెట్టె అనుకున్న మైదానంలో కాక పక్క ఊరి తుమ్మచెట్లలో పడిందని, కింద పడేటప్పుడు సెన్సార్ రాసుకున్న అంకెలు చిందరవందరగా ఉన్నాయని రాశావు. వాటిని తీసేసి, బాగా వచ్చిన అరగంట రీడింగులతోనే రిపోర్టు ముగిద్దామని అందరూ అంటున్నారట. ఆ పని చేసే ముందు ఫిలే అనే యంత్రం సంగతి పూర్తిగా తెలుసుకో. తోకచుక్క మీద దిగిందని, ఎగిరిపడిందని నువ్వు వినే ఉంటావు. ఆ తర్వాత జరిగింది పెద్దగా వార్తల్లోకి రాలేదు.

1969 సెప్టెంబరులో, సోవియట్ కజకిస్తాన్‌లోని అల్మా-అటా వేధశాలలో స్వెత్లానా గెరాసిమెంకో అనే యువ ఖగోళశాస్త్రవేత్త కొమాస్ సోలా అనే తోకచుక్క కోసం గాజు పలకల మీద ఫోటోలు తీశారు. కీవ్‌కు తిరిగి వెళ్లాక ఆమె సహచరుడు క్లిమ్ చుర్యుమోవ్ వాటిని పరీక్షిస్తుంటే ఒక పలక అంచు దగ్గర మసక మచ్చ కనిపించింది. అదే కొమాస్ సోలా అని మొదట అనుకున్నారు. కానీ ఆ మచ్చ ఉండవలసిన చోటికి దాదాపు 1.8 డిగ్రీలు పక్కకు ఉంది. కొలతలో ఏదో తేడా వచ్చిందిలే అని సరిపెట్టుకుని ఉంటే అడిగేవాళ్లు ఎవరూ లేరు. వాళ్లు మిగతా పలకలన్నీ మళ్లీ తీసి చూశారు. కొమాస్ సోలా తన చోట తాను ఉంది. పక్కన ఉన్నది ఎవరికీ తెలియని మరో తోకచుక్క. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని 67పి/చుర్యుమోవ్–గెరాసిమెంకో అన్నారు. ఆరున్నరేళ్లకు ఒకసారి సూర్యుణ్ని చుట్టి వస్తుంది.

దాని దగ్గరికే నౌక వెళ్లాలని ముందు ఎవరూ అనుకోలేదు. 1993లో యూరోపియన్ అంతరిక్ష సంస్థ రొసెట్టా ప్రయోగానికి ఆమోదం తెలిపింది. తర్వాత వీర్టానెన్ అనే చిన్న తోకచుక్కను గమ్యంగా పెట్టుకున్నారు. 2003 జనవరిలో బయలుదేరాలి. సరిగ్గా నెల ముందు, 2002 డిసెంబరులో, కొత్త రకం ఏరియాన్-5 రాకెట్ ఒకటి వేరే ఉపగ్రహాలతో ఎగిరి విఫలమైంది. ప్రయోగం ఆపేశారు. వీర్టానెన్ కోసం లెక్కకట్టిన ముహూర్తం దాటిపోయింది. అంతరిక్షంలో గమ్యం కదులుతూనే ఉంటుంది కదా, మనం సిద్ధమయ్యేదాకా ఆగదు. అప్పుడు ఎంచుకున్నది 67పి. ఇది వీర్టానెన్ కన్నా పెద్దది, లాగే బలం ఎక్కువ, కాబట్టి రొసెట్టా మోసుకెళ్లే ల్యాండర్, అంటే ఫిలే, కాస్త గట్టిగానే నేలను తాకుతుంది. అందుకని దాని కాళ్లను పటిష్ఠం చేశారు. 2004 మార్చి 2న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి రొసెట్టా బయలుదేరింది.

అక్కడి నుంచి పదేళ్లు. భూమి పక్కగా మూడుసార్లు, అంగారకుడి పక్కగా ఒకసారి సాగి, వాటి గురుత్వాకర్షణతో వేగం, దారి సరిచేసుకుంది. సూర్యుడికి మరీ దూరమైనప్పుడు కరెంటు చాలక 31 నెలలు నిద్రలో ఉంది. 2014 జనవరి 20న మేలుకుంది. ఆగస్టు 6న తోకచుక్కను చేరింది. అప్పటికి నడిచిన దూరం 640 కోట్ల కిలోమీటర్లు.

అక్కడ కనిపించిన ఆకారం చూసి దింపేవాళ్లు కంగారుపడ్డారు. పెద్ద ముద్ద, చిన్న ముద్ద, మధ్యలో సన్నని మెడ. ఎటు చూసినా కొండచరియలు, గుంటలు, ఇంటంత బండలు. ఉన్నంతలో మేలని ఒక చోటును ఎంచి అగిల్కియా అని పేరు పెట్టారు. ఫిలే సుమారు వంద కిలోల యంత్రం. భూమి మీద నలుగురు కలిసి ఎత్తాలి. ఆ తోకచుక్క మీద మాత్రం దాని బరువు ఇక్కడి ఒక గ్రాముకు దగ్గరగా ఉంటుంది. అంత తేలికైనది నేలను తాకగానే ఎగిరిపోతుంది. అందుకే మూడు ఏర్పాట్లు చేశారు: పైనుంచి కిందికి నొక్కే చిన్న గ్యాస్ థ్రస్టర్, నేలలోకి దూసుకుపోయే రెండు హార్పూన్లు, పాదాలకు మంచులో దిగే స్క్రూలు.

దిగే ముందు రాత్రి థ్రస్టర్ పనిచేయడం లేదని తెలిసింది. బాగుచేయడానికి ఎవరూ వెళ్లలేరు. ఆలోచించి, ముందుకే వెళ్దామన్నారు. 2014 నవంబరు 12న ఫిలే రొసెట్టా నుంచి విడిపోయింది. దానికి దారి మార్చుకునే ఇంజనేమీ లేదు. 22 కిలోమీటర్లకు పైగా ఎత్తు నుంచి ఏడు గంటలు నెమ్మదిగా పడింది. భూమికి 51 కోట్ల కిలోమీటర్ల దూరం, సంకేతం రావడానికే 28 నిమిషాలు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ కేంద్రంలో దిగిన వార్త అందేసరికి మన గడియారంలో రాత్రి తొమ్మిదిన్నర దాటింది. అనుకున్న బిందువుకు వంద మీటర్లకు కాస్త అటూ ఇటూగా తాకింది. గురి అంత బాగా కుదిరింది. కానీ హార్పూన్లు పేలలేదు.

ఫిలే మళ్లీ పైకి లేచింది. దాదాపు కిలోమీటరు ఎత్తుకు. రెండు గంటల సేపు తేలుతూ, తిరుగుతూ, దారిలో ఒక గుంట అంచును రాసుకుంటూ, మరోచోట తాకి, చివరికి ఒక చరియ నీడలో ఒరిగి ఆగింది. ల్యాండర్ బాధ్యుడు స్టెఫాన్ ఉలామెక్ ఆ సాయంత్రమే అందరి ముందుకు వచ్చి హార్పూన్లు పేలలేదని చెప్పారు. యంత్రం ఎగిరి మళ్లీ దిగి ఉండవచ్చని కూడా అప్పుడే అన్నారు. ప్రపంచమంతా చూస్తున్న సంబరం మధ్యలో ఆ మాట చెప్పడం తేలిక కాదు. పక్కరోజుకు వాయిదా వేసుకోవచ్చు. వేసుకోలేదు. నువ్వు మొదట గమనించవలసింది ఈ పెద్దమనిషితనమే అని నా అభిప్రాయం.

ఆ నీడలో ఎండ పన్నెండున్నర గంటల రోజుకు గంటన్నరే. సోలార్ పలకలకు అది చాలదు. మిగిలింది బ్యాటరీ. అది అయిపోయే దాకా, సుమారు 57 గంటలు, ఒక్కొక్క పరికరాన్నీ పనిచేయించారు. చివర్లో ఎండ ఎక్కువ తగలాలని ఒంటిని 35 డిగ్రీలు తిప్పారు కూడా. నవంబరు 15న అది మూగబోయింది. తర్వాతి ఏడాది జూన్‌లో మేలుకుని కొన్నిసార్లు పలికింది, జులై తర్వాత మళ్లీ పలకలేదు. ఎక్కడుందో ఫోటోలో స్పష్టంగా దొరికింది 2016 సెప్టెంబరు 2న. మరో నాలుగు వారాలకు, సెప్టెంబరు 30న, రొసెట్టాను కూడా ఆ తోకచుక్క మీదికే దించేసి ప్రయోగం ముగించారు.

ఇక నీకు చెప్పదలచింది ఆ రెండు గంటల గురించి. ఫిలే మొదటిసారి తాకగానే దిగిపోయాననుకుని, నేర్పినట్టే పరికరాలను మేల్కొలిపింది. పైన తేలుతున్నంతసేపూ కొలుస్తూనే ఉంది. తాకినప్పుడు లేచిన ధూళి దాని అడుగు గొట్టాల్లోకి చేరితే, కోసాక్ అనే పరికరం పాతిక నిమిషాలకు దాన్ని వాసన చూసింది. 16 సేంద్రియ పదార్థాలు తేలాయి. వాటిలో నాలుగింటిని అంతకుముందు ఏ తోకచుక్కలోనూ కనుక్కోలేదు. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే రోమాప్ సంగతి ఇంకా మేలు. ఫిలే అనుకున్న చోటే కుదురుగా కూర్చుని ఉంటే రోమాప్ నేల మీద ఆ ఒక్క చోటే కొలిచేది. ఎగిరిపడడం వల్ల వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు చోట్ల కొలిచింది. ఎక్కడా తోకచుక్కకు సొంత అయస్కాంతత్వం జాడ లేదు. ఒక్కచోటి కొలతతో అంత ధైర్యంగా చెప్పలేకపోయేవారు.

అలాగని ప్రమాదమే మంచిదైందని నీకు చెప్పను. నష్టం నష్టమే. డ్రిల్ కిందికి దిగి పైకి వచ్చింది కానీ మట్టి దొరికిన ఆనవాలు లేదు. ఆ నమూనా కోసమే ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఉన్నారు. నెలల తరబడి జరగవలసిన పరిశీలన మూడు రోజులు కూడా సాగలేదు. ఆ దుఃఖాన్ని తుడిచేసే మాట ఏదీ నా దగ్గర లేదు. ఉన్నదల్లా, చెడిపోయిన గంటల అంకెల్ని వాళ్లు పారేయలేదన్న వాస్తవం.

దాని ఫలితం ఆరేళ్లకు వచ్చింది. ఫిలేను వెతికిన లారెన్స్ ఓరూర్క్, ఆయన బృందం, అది రెండోసారి తాకిన చోటు కోసం పాత ఫోటోలన్నీ జల్లెడపట్టారు. ఫోటోలు మాత్రమే చాలలేదు. రోమాప్ సెన్సార్ ఒక పొడుగాటి కడ్డీ చివర ఉంది. యంత్రం మంచును గుద్దుకున్నప్పుడల్లా ఆ కడ్డీ ఊగింది, ఊగినప్పుడల్లా రీడింగుల్లో ముల్లులాంటి గీతలు పడ్డాయి. అయస్కాంతత్వం చూసేవాళ్లకు అవి అక్కరలేని గీతలు. ఓరూర్క్ బృందానికి మాత్రం, ఫిలే ఏ క్షణంలో గుద్దుకుంది, ఎంతసేపు అక్కడ దొర్లింది అన్న లెక్క వాటిలోనే దొరికింది. దాదాపు రెండు నిమిషాలు అక్కడ ఉందని, ఒక బండ పక్కన పాతిక సెంటీమీటర్ల లోతు ముద్ర వేసిందని తేలింది. ఆ ముద్ర లోపల తెల్లగా మెరిసింది 450 కోట్ల ఏళ్ల నాటి మంచు. ఎంత మెత్తనిదంటే కాఫీ మీది నురగ కూడా దానికన్నా గట్టిదే. 2020 అక్టోబరులో ఈ ఫలితం అచ్చయింది. తోకచుక్క లోపలి మంచు గట్టితనాన్ని ఆ చోట కొలవాలని ఎవరూ అనుకోలేదు. ప్రమాదమే కొలిచింది, రాసి ఉంచారు కాబట్టి చదవగలిగారు.

మన దగ్గరా అలాంటి ఉదాహరణే ఉంది. 2019 సెప్టెంబరు 7న ఇస్రో ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద కూలింది. చివరి నిమిషాల డేటాను ఇస్రో విప్పి చూసింది. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలంతో తోశాయని, దిగడానికి ఇచ్చిన చోటు మరీ చిన్నదని ఆ అంకెలే చెప్పాయి. తర్వాతి విక్రమ్‌కు కాళ్లు బలపరిచారు, ఇంధనం పెంచారు, అర కిలోమీటరు చదరం బదులు నాలుగు కిలోమీటర్ల పొడవున్న స్థలం ఇచ్చారు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి ఎగిరి ఆగస్టు 23న దిగింది. కూలిన నిమిషాలను మరుగుపరిచి ఉంటే ఏ కాలును ఎందుకు బలపరచాలో ఎవరికి తెలిసేది?

కాబట్టి తల్లీ, ఆ అంకెల ఫైలును ముట్టుకోకండి. అసలు ప్రతి అలాగే ఒకచోట భద్రపరచి, పని చేసుకోవడానికి దాని నకలు తీసుకోండి. పెట్టె ఏ నిమిషంలో దేనికి తగిలిందో, ఎవరు ఎప్పుడు చేరుకున్నారో, ఏ తీగ తెగి ఉందో ఇప్పుడే రాసిపెట్టండి. వారం దాటితే నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. సెన్సార్ చూపించింది ఒక పేరాలో, మీకు తోచిన కారణం వేరే పేరాలో ఉండాలి. మార్కులు కొన్ని తగ్గవచ్చు. తగ్గనీ. ఇరవై ఏళ్ల వయసులో అంకెను దాచడం అలవాటైతే, రేపు మనుషుల ప్రాణాలు ఆధారపడే యంత్రం దగ్గర కూడా చెయ్యి అటే పోతుంది. నా భయం మార్కుల గురించి కాదు, ఆ చెయ్యి గురించి.

రొసెట్టా, ఫిలే పంపిన రీడింగులు యూరోపియన్ అంతరిక్ష సంస్థ భాండాగారంలో ఎవరైనా తీసుకునేలా ఉన్నాయి. సెలవుల్లో రోమాప్ ఫైలు దించుకుని, 2014 నవంబరు 12 నాటి ముల్లుగీతలు ఎక్కడున్నాయో నువ్వే వెతుకు. ఏ గీత దేనికి పడిందో అర్థం కాకపోతే, 2020 నాటి ఆ వ్యాసం పక్కన పెట్టుకుని చూడు. దొరికాక నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
పెదనాన్న