సముద్రపు ఖాతా

అంగళ్లలో అన్నభేది యను పేర అమ్ముడగు ఇనుప లవణమును భారత, జర్మనీ శాస్త్రజ్ఞులు 2009 సంవత్సరారంభమున దక్షిణ మహాసముద్రములో కలిపిరి. గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ అందు భాగస్వామి. పోలార్‌స్టర్న్ అను ఓడ నుండి సుమారు 300 చదరపు కిలోమీటర్ల నీటిలో ఆ పని జరిగినది. దానికి లోహాఫెక్స్ అని పేరు. అందలి ‘లోహ’ శబ్దము తెలుగువారికి కొత్తది కాదు. ఇనుము కొరవడిన నీటికి ఇనుము దొరికినచో కంటికానని నాచు పెరిగి బొగ్గుపులుసు వాయువును పీల్చుననియు, చచ్చి అడుగునకు దిగి ఆ బొగ్గును చిరకాలము అచ్చటనే దాచుననియు ఆశ.

నాచు పెరిగినది. కాని గట్టి పెంకుగల జాతి పెరుగలేదు. మెత్తని నాచును చిన్నప్రాణులు మేసివేసినవి, వానిని మరికొంత పెద్దవి తినినవి. అడుగునకు చేరిన బొగ్గు బహు స్వల్పము. ఈ ఫలమును దాచక ప్రకటించుట శాస్త్రజ్ఞుల గొప్పతనమే.

అయినను, ఆ నీటిలో ఇనుము కలుపుటకు అనుమతి ఇయ్యవలసినవా రెవరు? 2008లో బాన్ నగరమున జీవవైవిధ్య ఒడంబడిక దేశములు, తీరజలములలోని చిన్న పరిశోధనలు తప్ప ఇట్టి పనులు వలదని కోరియుండెను. జర్మనీ పర్యావరణశాఖ ఆక్షేపింపగా పని కొన్నిదినములు ఆగి, పరిశీలన పిదప సాగినది.

2012లో కెనడా పశ్చిమతీరమున, హైడా గ్వాయి దీవుల చెంత, సుమారు 100 టన్నుల ఇనుప లవణమును పోసిరి. సాల్మన్ చేపలు వృద్ధియగుననియు, పీల్చిన బొగ్గునకు పత్రములు వ్రాసి అమ్మవచ్చుననియు తలంపు. పరిశోధనకును బేరమునకును నడుమ గీత ఇచ్చటనే చెరిగినది.

ధర చెల్లించి అట్టి పత్రము కొనువాడు సముద్రమును చూడనేచూడడు. ఐనను చేయుట, చేయించుట, ఆమోదించుట అను మూడింటిలో అతడు రెండవదాని యందున్నాడు. మేతయైన ప్రాణుల లెక్క అతని పద్దులో ఎక్కడను కనబడదు. ఊరకుండుటయు నిర్దోషము కాదు సుమా! మనుష్యులు వదలు బొగ్గుపులుసు వాయువులో సుమారు నాల్గవవంతును సముద్రము ఇప్పటికే మ్రింగి పులియుచున్నది. కావున పరిశోధన నాపుట న్యాయము కాదు. కొలుచువాడు అమ్మకములో వాటాదారు కాకుండుటయే కావలసినది.

2013లో లండన్ ప్రోటోకాల్ దేశములు చేసిన సవరణ ఇంచుమించు ఇదే చెప్పుచున్నది: నిజమైన పరిశోధనకే అనుమతి, ప్రయోగము వలన నేరుగా ధనలాభము ఉండరాదు. చాలినన్ని దేశములు సమ్మతి తెలుపకపోవుటచే ఆ సవరణ ఇంకను అమలులోనికి రాలేదు.